దారిలో ఉన్న బంధువు

ప్రయాణికునికి అల్లాహ్ ఎన్నో సౌలభ్యాలు ప్రసాదించాడు. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుగా కుదించుకోవచ్చు. రమజాన్ ఉపవాసాన్ని తర్వాతి రోజులకు వాయిదా వేసుకోవచ్చు. అయితే దారిలో ఉన్న బంధువు హక్కును కుదించుకునే అనుమతి మాత్రం ఎక్కడా లేదు. ఈ నెల పాఠకులతో ఈ విషయమే ముచ్చటించదలిచాము.

అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా పేరిట వెలసిన మా అఫ్జల్‌గంజ్‌కు జిల్లాలతో పాత అనుబంధం ఉంది. ఒకప్పుడు పల్లెల నుంచి వచ్చినవారు పక్కనే ఉన్న గౌలిగూడ బస్టాండులో దిగి, ఉస్మానియా ఆసుపత్రికో, బేగంబజారుకో వెళ్ళి, రాత్రికి చుట్టాల ఇంటికి చేరేవారు. నేడు సొంత కార్లు వచ్చాయి, రహదారులు వెడల్పయ్యాయి. చుట్టాలున్న ఊళ్ళు మాత్రం దారిపక్క బోర్డుల మీది పేర్లుగా మిగిలిపోతున్నాయి.

ఇటీవల కర్నూలులో ఒక నికాహ్‌కు వెళుతూ కొత్తకోటలో ఆగాము. అది మా తండ్రిగారు పుట్టిన ఊరు. వృద్ధురాలైన మా మేనత్త అక్కడే ఉన్నారు. ఆలస్యమవుతుందని పిల్లలు గొణిగారు. ఆమె ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని, “నువ్వు ఎవరి బిడ్డవు?” అని అడిగి, వారికి తెలియని నాలుగు తరాల పేర్లు వరుసగా చెప్పారు. మసీదులో జమాత్ ముగిసినందున ఇంట్లోనే జుహర్ రెండు రకాతులు చేశాము. మనవడు ఆశ్చర్యపోయి, “దాదా, ఇది మన ఊరే కదా, నమాజు సగమెందుకు?” అన్నాడు.

మంచి ప్రశ్నే. హనఫీ విధానంలో సుమారు 77 కిలోమీటర్లు మించిన ప్రయాణం చేసి, పదిహేను రోజుల లోపే ఉండదలచినవారు ముసాఫిర్లు. శాశ్వతంగా విడిచి, కుటుంబంతో వేరొక చోట స్థిరపడినప్పుడు పాత ఊరు స్వస్థలంగా మిగలదు. దైవప్రవక్త (స) మక్కాలోనే జన్మించారు. అయినా హిజ్రత్ తర్వాత, హిజ్రీ 8లో మక్కా విజయ సమయాన, అక్కడ నమాజును కుదించే చేశారు. నమాజు విషయంలో ఆయన అక్కడ ప్రయాణికులు. కాని తనను వెళ్ళగొట్టిన ఆ బంధుజనాన్ని క్షమించడంలో ఆయన పరాయివారు కాలేదు.

బంధుత్వానికి దూరం గాని, కాలం గాని అడ్డు కావు. ఈజిప్టు ప్రజలతో మంచిగా మెలగమని ప్రవక్త (స) సహాబాలకు ఉపదేశిస్తూ, వారితో మనకు బంధుత్వముందని గుర్తు చేసినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. ఇస్మాయీల్ (అ) మాతృమూర్తి హజ్రత్ హాజిరా ఆ దేశపు స్త్రీ. ఎన్నో తరాల నాటి ఆ బంధాన్నే ఆయన లెక్కలోకి తీసుకుంటే, మన తండ్రి తోబుట్టువును మనం మరచిపోవడం ఎలా తగును?

“వాళ్ళు మా ఇంటికి వస్తున్నారా?” అని కొందరు అంటారు. రాకకు రాక బదులిచ్చేవాడు బంధుత్వాన్ని కలిపేవాడు కాడనీ, తెగిన బంధాన్ని తిరిగి కలిపేవాడే అసలైనవాడనీ బుఖారీ హదీసు సారాంశం. ఇది లెక్క చూసుకునే వ్యవహారం కాదు.

కనుక బయలుదేరే ముందు ఆ దారిలో ఎవరున్నారో ఇంటి పెద్దలను అడగండి. ముందుగా ఫోను చేయండి, వారిపై భోజనాల భారం మోపకండి. బేగంబజారు ఖర్జూరాలు ఒక పొట్లమైనా పట్టుకెళ్ళండి. వారు లేమిలో ఉంటే గుట్టుగా సాయం చేయండి. బంధువుకిచ్చే సదఖాకు రెండు పుణ్యాలున్నాయి: ఒకటి దానానికి, రెండవది బంధుత్వానికి. అన్నిటికన్నా ముఖ్యంగా పిల్లలను వెంట తీసుకెళ్ళండి. ఆ నాలుగు తరాల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు, ఆ వృద్ధుల నాలుకపైనే ఉన్నాయి. వారు వెళ్ళిపోతే అడుగుదామన్నా చెప్పేవారుండరు.

అల్లాహ్ మన ఉపాధిలో, ఆయుష్షులో శుభం ప్రసాదించి, తెగిన బంధాలను కలిపే సద్బుద్ధిని మనందరికీ అనుగ్రహించుగాక. ఆమీన్.