చిరునామా ఇచ్చే ముందు

బెంగళూరు బడుల్లో ప్రవేశాల సందడి మొదలైంది. దరఖాస్తులో తల్లిదండ్రుల పేర్లు, మాతృభాష, ఆధార్, ఫోన్ నంబరు తర్వాత ఇప్పుడు మరో గడి కూడా ఉంటోంది. అది ఈమెయిల్. చాలామంది ఆ గడి నింపడానికే ఇంటి పక్క ఇంటర్నెట్ సెంటర్‌లోనో, బడి గుమాస్తా బల్ల ముందో నిలబడి అప్పటికప్పుడు ఓ ఖాతా తెరిపించుకుంటారు. పాస్‌వర్డ్ సైతం తెరిచినవారే పెడతారు. ఆపై పదేళ్లపాటు పిల్లల మార్కులు, ఫీజు రసీదులు, వైద్య పత్రాలు, బదిలీ పత్రాలు అందులోకే చేరతాయి. ఇంటి తాళం ఎంచుకోవడానికి నాలుగు దుకాణాలు తిరిగే మనం, ఇన్ని కాగితాలు దాచే పెట్టె విషయంలో ఒక్క నిమిషమైనా ఆలోచించడం లేదు.

ఉచిత ఈమెయిల్‌కూ, గోప్యత హక్కుకూ ఈ ఊరితో చుట్టరికం ఉంది. 1996 జులై 4న మొదలైన హాట్‌మెయిల్ స్థాపకుల్లో ఒకరైన సబీర్ భాటియా పెరిగింది బెంగళూరులోనే. ఆధార్‌ను సవాలు చేస్తూ 2012లో సుప్రీంకోర్టు మెట్లెక్కిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. ఆ వ్యాజ్యంలోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చింది. హక్కు మనకు దక్కింది. దాన్ని వాడుకోవడమే మిగిలింది.

ఊరక రారు మహానుభావులన్నది ఉచిత సేవలకూ వర్తిస్తుంది. వాటిని నడపడానికి ఖర్చు ఉంటుంది, అది ఎక్కడినుంచో రావాలి. కొన్ని సంస్థలు ప్రకటనల మీద సంపాదిస్తాయి. కొన్ని ఉచిత ఖాతాను చిన్నదిగా ఉంచి, ఎక్కువ చోటు కావాలన్నవారి దగ్గర రుసుము తీసుకుంటాయి. జీమెయిల్ 2004లో వచ్చినప్పుడు ఉత్తరాల్లోని మాటలను యంత్రంతో చదివించి ప్రకటనలు చూపేది. ఆ పద్ధతి మానేస్తున్నామని గూగుల్ 2017లో ప్రకటించింది. అయినా ఉచిత జీమెయిల్‌లో ప్రకటనలు పోలేదు. అందుకే ఖాతా తెరిచే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ సంస్థకు డబ్బు ఎవరిస్తున్నారు?

రెండో ప్రశ్న తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నది. పోస్టుకార్డుకూ, అంటించిన కవరుకూ తేడా మన పెద్దలకు బాగా తెలుసు. స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రోటాన్ మెయిల్, జర్మనీకి చెందిన టుటా ఉత్తరాలను కంపెనీ సైతం చదవలేని విధంగా దాస్తాయి. ప్రకటనలు ఉండవు. అయితే ఒక మెలిక ఉంది. ప్రోటాన్ నుంచి జీమెయిల్‌కు మామూలుగా పంపిన ఉత్తరం అవతలి పెట్టెలో మామూలు ఉత్తరంగానే పడి ఉంటుంది. తల్లిదండ్రులు ఒక్కరే జాగ్రత్తపడితే చాలదు, బడి కూడా పడాలి అనడానికి కారణమిదే. పైగా ఇలాంటి సేవల్లో పాస్‌వర్డ్ మరిచిపోతే పాత ఉత్తరాలు మళ్లీ తెరుచుకోకపోవచ్చు. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చే రికవరీ కోడ్‌ను కాగితం మీద రాసి బీరువాలో దాచాల్సిందే.

ఇంకో చిక్కు మన హైకోర్టు నుంచే వచ్చింది. ఓ సంస్థలోని ఉద్యోగినులకు అసభ్యకరమైన మెయిళ్లు వచ్చాయన్న ఫిర్యాదుపై, ప్రోటాన్ మెయిల్‌ను దేశంలో నిరోధించే చర్యలు చేపట్టాలని కర్ణాటక హైకోర్టు 2025 ఏప్రిల్‌లో కేంద్రాన్ని ఆదేశించింది. 2023 డిసెంబరు 1న నగరంలోని నలభైకి పైగా బడులకు ఒకేరోజు ఉత్తుత్తి బాంబు బెదిరింపు మెయిళ్లు వచ్చినప్పుడు తల్లిదండ్రులు పడ్డ ఆందోళన ఇంకా మరుపురాలేదు. ముసుగు చాటున తప్పుచేసేవారిని పట్టుకోవాల్సిందే. దానర్థం తలుపు వేసుకున్న ప్రతి ఇల్లూ దొంగలదేనని కాదు. ఏ సేవ ఎంచుకున్నా అది రేపు అందకుండా పోయే వీలుందని గుర్తుంచుకుని, ముఖ్యమైన కాగితాల నకళ్లు వేరేచోట దాచుకోవడం వివేకం.

మన దేశపు సేవ కావాలనుకునేవారికి చెన్నై కేంద్రంగా ఉన్న జోహో మెయిల్ ఉంది. ప్రకటనలు చూపదు. తాళంచెవి మాత్రం సంస్థ దగ్గరే ఉంటుంది. బడులకైతే గూగుల్ ప్రత్యేకంగా ఉచిత విద్యా ఖాతాలు ఇస్తోంది. వాటిలోని మెయిల్‌లో ప్రకటనలు రావు. సొంత జీమెయిల్ ఖాతాతో బడి పని నడపడం కన్నా ఇది ఎంతో మేలు. ఏదైనా సరే, వాడకుండా వదిలేస్తే ఖాతా పోతుంది. గూగుల్ రెండేళ్లు చూస్తుంది. టుటా ఉచిత ఖాతాకు గడువు ఆరు నెలలే. ఏడాదికోసారి, అదీ ప్రవేశాలప్పుడే మెయిల్ తెరిచే తల్లిదండ్రులకు ఈ ఒక్క విషయమే ఎంపికను నిర్ణయించవచ్చు.

మన బడులకు ఈ బాధ్యత ఒక పాలు ఎక్కువ. భాషా అల్పసంఖ్యాక గుర్తింపు కోసం పిల్లల మాతృభాష వివరాలు మనమే సేకరించి చూపిస్తాం. ఏ ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, ఎవరు ఏ ఊరినుంచి వలస వచ్చారో చెప్పే జాబితాలు మన దగ్గర ఉన్నాయి. అవి ఓ ఉపాధ్యాయుడి సొంత మెయిల్‌లో ఉండి, ఆయన బడి మారగానే ఆయనతోపాటే వెళ్లిపోవడం తగదు. బడి పేరుతో ఒక డొమైన్ కొనుక్కుంటే, రేపు మెయిల్ సంస్థను మార్చినా చిరునామా మారదు. ఉపాధ్యాయుడు వెళ్లిన రోజే ఖాతా మూసివేయవచ్చు. అందరు తల్లిదండ్రులకూ ఒకే మెయిల్ పంపేటప్పుడు చిరునామాలు ఒకరివి ఒకరికి కనబడకుండా బీసీసీలో పెట్టడానికి పైసా ఖర్చు లేదు. ఆధార్ అడగక తప్పనిచోట చివరి నాలుగు అంకెలే కనిపించే ప్రతి సరిపోతుందేమో ముందు చూడాలి.

చట్టమూ తోడుగా వస్తోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు పిల్లలే. వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. పిల్లల్ని వెంటాడే ప్రకటనలు నిషిద్ధం. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. చదువు, భద్రత అవసరాలకు బడులకు కొంత మినహాయింపు ఉన్నా, అది ఇష్టారాజ్యానికి అనుమతి కాదు.

ఆ చట్టంలో మనలాంటివారు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లిషులోనే కాక, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు కల్పించాలి. ఆ 22 భాషల్లో తెలుగూ ఉంది. పిల్లలకు తెలుగు చదువు కావాలని దశాబ్దాలుగా అడుగుతున్న మనం, పిల్లల గురించి రాసిన షరతులు అర్థంకాని ఇంగ్లిషులో ఉంటే చూడకుండా ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కేస్తున్నాం. గడువు ముగిసేదాకా ఆగకుండా తెలుగు బడులే ఈ ఏడాది దరఖాస్తుకు ఒక పేజీ తెలుగు నోటీసు జతచేయాలి. ఏ వివరం ఎందుకు, ఎంతకాలం, ఎవరి దగ్గర ఉంటుందో అందులో రాయాలి. ఈమెయిల్ లేనివారికి కాగితం మీదే సమాచారం పంపాలి. మెయిల్ లేదన్న కారణంతో ఏ బిడ్డా గుమ్మం దగ్గర ఆగిపోకూడదు.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. ఈ ఆదివారం ఓ గంట కేటాయించండి. పాస్‌వర్డ్ మీరే మార్చుకోండి, రెండంచెల తనిఖీ పెట్టుకోండి, ఖాతాకు జతపడిన ఫోన్ నంబరు మీదో కాదో చూసుకోండి. ఆ పెట్టెలో ఉన్నది మన బిడ్డల బతుకు చిట్టా. తాళంచెవి మన కొంగునే ఉండాలి.