పేకెట్ మీద పేరుండని కంపెనీలో పని

ఏలూరు జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. పది రోజులైనా తిరక్కుండానే, 13వ తేదీ రాత్రి, ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో పోరస్ లేబొరేటరీస్ కెమికల్ ఫ్యాక్టరీ అంటుకుంది. నైట్ షిఫ్ట్‌లో ఉన్నోళ్ళలో ఆరుగురు చనిపోయారు. అందులో నలుగురిది బీహార్. ఒళ్ళు కాలినోళ్ళని నూజివీడు తీసుకెళ్ళి, అక్కణ్ణించి బెజవాడ పంపారు. తెల్లారేసరికి ఊరోళ్ళు ఫ్యాక్టరీ ముందు కూర్చుని మూసెయ్యమన్నారు. ప్రభుత్వం చనిపోయినోళ్ళ కుటుంబాలకి 25 లక్షలు ప్రకటించింది. ఆ తర్వాత నాలుగు రోజులు టీవీలో వచ్చింది, అంతే.

నాకు అప్పట్నించీ ఒక అనుమానం. మన ఊరి పక్కనే అంత పెద్ద కంపెనీ ఉంటే అది ఏం తయారు చేస్తదో మనలో ఎంతమందికి తెలుసు? సబ్బు కంపెనీ అంటే తెలుస్తది, బిస్కెట్ కంపెనీ అంటే తెలుస్తది. ఇయ్యి అట్టాంటివి కావు. ఇంకో కంపెనీకి సరుకు పంపే కంపెనీలు. మందుబిళ్ళలోకి పోయే పొడో, ద్రావకమో ఇక్కడ తయారై డ్రమ్ముల్లో పోద్ది. బిళ్ళ పేకెట్ మీద వీళ్ళ పేరుండదు. పేరు లేనప్పుడు పరువు పోద్దన్న భయమూ తక్కువే.

విదేశీ తనిఖీలు జరుగుతాయి కదా అంటారు. జరుగుతాయి, కాదన్ను. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్ళు వచ్చారంటే ప్లాంటంతా అద్దంలా తుడుస్తారు. కానీ ఆళ్ళు చూసేది మందు శుభ్రంగా ఉందా, రికార్డు సరిగ్గా రాశారా అని. రియాక్టర్ పక్కన నిలబడ్డ కుర్రోడు క్షేమమా కాదా అన్నది ఆళ్ళ డ్యూటీ కాదు. అది మన ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ డ్యూటీ.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది చూడండి. అదీ మందుబిళ్ళల్లో కలిపే సెల్యులోజ్ పొడి సప్లై చేసే కంపెనీయే. 40 మందికి పైగా పోయారు. ఎవరు ఎవరో తేల్చడానికి డీఎన్ఏ పరీక్షలు చెయ్యాల్సొచ్చింది, కొందరి ఆనవాళ్ళు అసలు దొరకనేలేదు. దానికి ముందు ఏడాది, 2024 ఆగస్టు 21న, అచ్యుతాపురంలో ఎసెన్షియాలో 17 మంది. ఊళ్ళు వేరు, కథ ఒకటే. లోపల పనిచేసేది ఎక్కువగా కాంట్రాక్ట్ మనుషులు, దూరం నుంచి వచ్చినోళ్ళు.

దూరపోళ్ళనే ఎందుకు పెట్టుకుంటారు? మనోళ్ళు కష్టపడరని ఒక మాట తిప్పుతారు. అది ఒట్టి మాట. పక్కూరి కుర్రోడికి ఏమన్నా అయితే గంటలో గేటు ముందు వందమంది ఉంటారు. నలందా నుంచి వచ్చినోడికి అడిగే మనిషి రావాలంటే రెండు రోజుల రైలు ప్రయాణం.

అట్టాగని మనోళ్ళు వెళ్ళట్లేదని కాదు. 2006లో కొల్లేట్లో ఐదో కాంటూరు లోపల చెరువులు కొట్టేసినప్పట్నించీ లంక గ్రామాల్లో చాలా ఇళ్ళకి పని కోసం బయటికి పోక తప్పలేదు. ఇప్పుడు ఐటీఐయో, డిగ్రీయో అయిన పిల్లలు కెమికల్ ప్లాంటుకైనా, రొయ్యల ప్రాసెసింగ్‌కైనా, తాడేపల్లిగూడెం వైపు మిల్లులకైనా కాంట్రాక్టర్ ద్వారానే పోతున్నారు. కాంట్రాక్టర్ అంటే మళ్ళీ మన మండలపోడే, వరసకి బాబాయో, మావయ్యో. అందుకే కాయితం అడగడానికి మొహమాటం. ‘‘మన బాబాయే కదా, ఏం రాయించుకుంటాం?’’

ఆ మొహమాటమే కొంప ముంచుద్ది. చట్టం ఇక్కడ మరీ మూగది కాదు తమ్ముళ్ళూ. 2025 నవంబర్ దాకా ఉన్న 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనే, కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే అసలు కంపెనీ కట్టాలని ఉండేది. భోపాల్ తర్వాత 1987లో పాత ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన సెక్షన్లలో, అక్కడ వాడే కెమికల్‌తో ఏం ప్రమాదమో పనిచేసేవాడికి చెప్పి తీరాలని ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల మీద నాకు పేచీలు చాలా ఉన్నాయి, అయినా ఒకటి మాత్రం పనికొస్తది: ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాల్సిందే.

లెటర్ ఉంటే నువ్వు ఆ షిఫ్ట్‌లో ఉన్నావని రుజువు. ఈఎస్ఐ నంబరు ఉంటే పని చేస్తూ దెబ్బ తగిలినప్పుడు వైద్యం, పనికి పోలేని రోజులకి డబ్బు. మనిషే పోతే ఇంట్లోవాళ్ళకి నెలనెలా పింఛను. జీతం నెలకి 21,000 లోపుంటే ఈఎస్ఐ వర్తిస్తది, నీ వాటా నూటికి ముప్పావలా, కంపెనీ వాటా మూడుంపావలా. జీతంలో కోసి ఖాతాలో కట్టని కాంట్రాక్టర్లూ ఉంటారు. పీఎఫ్ పాస్‌బుక్ ఫోన్లోనే చూసుకోవచ్చు. రీల్స్ చూసే ఫోనే అది.

ఎల్లుండి ఎవరన్నా బాబాయ్ వచ్చి ‘‘ఫార్మాలో పనుందిరా, రేపు బస్సెక్కు’’ అంటే, మూడు అడగండి. లెటర్ ఎవరి పేరు మీద ఇస్తారు, ఈఎస్ఐ నంబరు ఏ రోజు వస్తది, ఆ ప్లాంటులో ఏం వండుతున్నారు. మూడోదానికి ఆయన దగ్గర జవాబు లేకపోతే, బస్సెక్కే ముందు కంపెనీ సేఫ్టీ ఆఫీసర్‌నే అడిగించండి.