లోటు పనివానిదా? పనిముట్టుదా?

"మన పనివాడు చేయు పని తక్కువ, కావున వానికి కూలియు తక్కువయే" యను మాట తరచుగ వినవచ్చుచున్నది. ఈ వాదమును పరీక్షింపక అంగీకరించుట న్యాయము కాదని మా యభిప్రాయము.

ప్రభుత్వపు లెక్కలనే చూతము. 2022-23లో నమోదైన కర్మాగారములలో ఒక్కొక్క మనిషి వంతున చేకూరిన అదనపు విలువ ఏటికి సుమారు 12 లక్షల రూపాయలు. ఆ కాలముననే చిన్న దుకాణములు, ఇంటి పరిశ్రమలు, మరమ్మతు అంగళ్లు మొదలుగా కంపెనీలు కాని సంస్థలలో తలకు వచ్చినది 1,41,769 రూపాయలు మాత్రమే. ఈ రెండవ తెగలో పనిచేసినవారు దాదాపు 11 కోట్లమంది. వ్యత్యాసము ఎనిమిది రెట్లు!

ఈ వ్యత్యాసము భుజబలమున నున్నది కాదు. గుంట మగ్గము విడిచి మిల్లులో చేరిన నేతగాని చేతులు మారలేదు. మారినవి యంత్రము, విద్యుచ్ఛక్తి, మూలధనము, పని యేర్పాటు. మిల్లునకు బ్యాంకి అప్పిచ్చును. మగ్గమునకు పలుచోట్ల వడ్డీ వ్యాపారియే గతి.

మరియొక సంగతి గలదు. ఈ లెక్క గజములలో కట్టినది కాదు, రూపాయలలో కట్టినది. షావుకారు నూలిచ్చి, చీర తీసికొని, మజూరీ చెల్లించును. నేతగాని పద్దున పడునది ఆ మజూరీయే; అమ్మకపు లాభము షావుకారు పద్దున చేరును. ధర నిర్ణయించు శక్తి లేనివాని పనితనము లెక్కలలో నట్లే కుంచించుకొని పోవును.

ఇక చట్టము మాట. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము విద్యుచ్ఛక్తి గల చోట పదిమందికి, లేని చోట ఇరువదిమందికి లోపైన సంస్థలను సాధారణముగ తన పరిధిలో చేర్చలేదు. 2020 నాటి కార్మిక భద్రతా స్మృతి ఆ సంఖ్యలను ఇరువదికి, నలువదికి పెంచినది. చిన్న యజమానికి తనిఖీల బాధ తగ్గింపవలెననుట సమంజసమే. కాని భారమును తొలగించి, ఆదరువు చూపకున్నచో, పందొమ్మిదిమందితో నిలిచిన సంస్థ అచ్చటనే నిలిచిపోవును. అందలి పనివానికి రక్షణయు కొరవడును.

కావున చిన్న సంస్థలకు న్యాయమైన వడ్డీకి అప్పు, మంచి పనిముట్లు, సహకార సంఘముల ద్వారా అమ్మకము, ప్రతి పనివానికి వ్రాతపూర్వకమైన కూలి చీటి — ఈ నాలుగును ఏకకాలమున సమకూర్పవలెనని మేము కోరుచున్నాము. ఎద్దునకు మేత వేయక దుక్కి సాగలేదని కొట్టువానిని రైతని యెవ్వరును అనరు గదా!