కాలువ పడవపై సూర్యశక్తి

ఇంగ్లండు దేశపు కాలువలు ఒకప్పుడు బొగ్గును, సరకులను చేరవేయుటకై త్రవ్వబడినవి. రైళ్లును, లారీలును ఆ వర్తకమును హరించిన పిమ్మట, నేడు వేలకొలది జనులు ఆ కాలువలపై పడవలనే గృహములుగా చేసికొని కాపురముండుచున్నారు. ఇరుకు లాకులలో పట్టుటకై అట్టి పడవ వెడల్పు 7 అడుగులకు మించదు; పొడవు 70 అడుగుల వరకు నుండును. సొంత రేవు లేని పడవ సాధారణముగా ఒకేచోట 14 దినములకు మించి నిలువరాదని 1995 నాటి శాసనము నిర్దేశించుచున్నది. ఇట్టివారికి గట్టున విద్యుత్తు లభింపదు. దీపములకును, నీటి పంపునకును కావలసిన బ్యాటరీ నింపుటకై గంటల తరబడి డీజిలు యంత్రమును నడుపవలసి యుండెడిది. ఇపుడు పడవకప్పుపై పఱచిన సౌరఫలకములు ఆ పొగను, ఆ రొదను చాలవఱకు తగ్గించినవి. ఇది హర్షింపదగిన మార్పు.

అయితే సూర్యుడు ఉచితముగా నిచ్చునది వెలుగే గాని క్షేమము కాదు. 12 వోల్టుల బ్యాటరీని ముట్టుకొనిన ప్రాణహాని లేదు గనుక అది నిరపాయకరమని పలువురు తలంచుచున్నారు. ఇది భ్రమ. వోల్టులు తగ్గినకొలది, అంతే శక్తికి ప్రవాహము హెచ్చును. 12 వోల్టుల బ్యాటరీనుండి 1200 వాట్లు తీసికొనినచో తీగలో 100 ఆంపియర్లు ప్రవహించును. సన్నని తీగ ఆ భారమునకు కాగి, పైతొడుగు కరగి, చెక్కగోడల నడుమ నిప్పు రాజును. నడినీట మంట పుట్టినచో పరుగెత్తుటకు వీధి యెక్కడిది? కావున తగినంత లావు తీగలును, బ్యాటరీకి చేరువనే ఫ్యూజును ఉండితీరవలెను.

ఇనుప పడవయందు మఱియొక చిక్కు కలదు. తీగ ఖర్చు మిగులునని పడవ యినుమునే తిరుగు మార్గముగా వాడినచో, దారితప్పిన ప్రవాహము నీటిలోని లోహమును తినివేయును. సీసపు బ్యాటరీలు నిండునపుడు హైడ్రోజను వెలువడును. గాలి యాడని పెట్టెలో దానికి ఒక్క నిప్పురవ్వ చాలును. లిథియము బ్యాటరీలలో ఇనుప ఫాస్ఫేటు జాతి మేలైనదే యైనను, దానికి కాపలా పరికరము తప్పనిసరి. గడ్డకట్టు చలిలో దానిని నింపరాదు. ఎండలోనున్న ఫలకమునకు విశ్రాంతి లేదు. పనివాడు తీగలు కలుపునపుడును అది విద్యుత్తు నిచ్చుచునే యుండును. దానిని కప్పియుంచి పనిచేయుట వివేకము.

నమ్మకమునకు మూలము లెక్క. 100 ఆంపియరు-గంటల సీసపు బ్యాటరీలో 1200 వాటు-గంటలున్నట్లు కనబడును. అది దీర్ఘకాలము మన్నవలెనన్న అందు సగమే వాడదగినది. ఇంగ్లండున డిసెంబరు నెలలో దొరకు ఎండ జూన్ నాటి యెండలో స్వల్పభాగము. ఒక చెట్టునీడ ఫలకములో కొంత భాగముపై పడినను దిగుబడి మిక్కిలి తగ్గును. వేసవి పంటను చూచి ఏడాది గ్రాసము లెక్కించు రైతు ఎట్లు మోసపోవునో, జూన్ ఎండను చూచి బ్యాటరీ కొనువాడును అట్లే మోసపోవును.

ఆ దేశమున 1997లో నెలకొల్పిన పడవల భద్రతా విధానము ప్రకారము 4 సంవత్సరములకొకమారు పరీక్ష జరిపించి ధ్రువపత్రము పొందవలెను. ఇది యజమాని స్వేచ్ఛను హరించుట కాదు. రేవున పడవలు ప్రక్కప్రక్కనే కట్టియుండును. ఒకరి యజాగ్రత్త పదిమంది కొంప ముంచును.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట వెంట పుట్టిన గోదావరి కాలువలు సేద్యమునకే గాక పడవలకును త్రోవలైనవి. కాకినాడ నుండి పుదుచ్చేరి వఱకుగల కాలువలను, కృష్ణా గోదావరుల భాగములను 2008లో జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. 2017లో కేరళమున వైకోము రేవునుండి బయలుదేరిన ‘ఆదిత్య’ 75 మంది ప్రయాణికులను సూర్యశక్తితో దాటించి, ఈ కార్యము మన దేశమున సాధ్యమని నిరూపించినది. 1917 నాటి పాతచట్టమునకు బదులు 2021లో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టము పడవల నమోదును, పరీక్షను విధించుచున్నది.

కావలసినది చట్టపు మాట కాదు, దాని అమలు. పడవ చెక్కను తట్టి చూచి సంతకము చేయు పరీక్షకుడు చాలడు. తీగను, ఫ్యూజును, బ్యాటరీ పెట్టెను తెరిచి చూడగల విద్యుత్ నిపుణుడు కావలెను. ప్రతి పడవలోను పరీక్షాపత్రము ప్రయాణికుని కంటికి కనబడునట్లు కట్టవలెను. ఫలకముల సంఖ్యను గొప్పగా చెప్పుకొని ఫ్యూజు దగ్గర పొదుపు చేయు యజమానికి రేవున అనుమతి నీయరాదు. డెల్టా రైతులును, పట్టణ వర్తకులును పడవపై పెట్టుబడి పెట్టదలచినచో ముందు అడుగవలసిన ప్రశ్న “ఎన్ని ఫలకములు?” అని కాదు, “ఎవరు పరీక్షించిరి?” అని. పడవ నీటిపై దిగకముందే ఆ ప్రశ్నకు సమాధానము లభింపవలెను. ప్రాణములు పోయిన పిమ్మట వేయు విచారణ సంఘము దానికి బదులు కాజాలదు.