మన విహారయాత్రలు

ఏటేట చలికాలము రాగానే మన పాఠశాలలో నొక ప్రశ్న పుట్టును. విహారయాత్ర యెక్కడికి? పిల్లలు హైదరాబాదనుదురు. తలిదండ్రులును హైదరాబాదనియే యందురు. యాత్రలు నడపు వ్యాపారులు పంచిపెట్టు రంగుల కాగితములలోను హైదరాబాదే యుండును. చార్మినారు, గోలకొండ, సాలార్జంగు మ్యూజియము, జంతుప్రదర్శనశాల, హుసేనుసాగరు, పిమ్మట నొక వినోదవనము, ఇన్నియు నొక్కదినములోనే, భోజనముతో సహా, తలకింత యని. చదువుచుండగనే నోరూరును. అట్టి కాగితమునకు లోబడి రెండుమారులు పిల్లలను వెంటబెట్టుకొని పోయివచ్చిన వాడను గనుక, ఈ విషయమున నా యభిప్రాయము చెప్పుటకు నాకు కొంత యధికారము కలదని తలంచుచున్నాను. దీని కొప్పుకొననివారు కలరని యెఱుగుదును. మా యింటిలోనే కలరు.

మొదట ఆ యాత్ర యెట్లు జరిగినదో చెప్పెదను. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు బస్సు బయలుదేఱినది. మొగుడంపల్లినుండి పట్నమునకు నూఱు కిలోమీటర్లకు పైగా దూరము. చార్మినారును బస్సులోనుండియే చూపిరి. కుడివైపున కూర్చున్నవారికి కనబడినది, ఎడమవైపువారికి కనబడలేదు. తరువాత మ్యూజియము. అందొక గడియారము కలదు. గంట గంటకు దానిలోనుండి చిన్నబొమ్మ యొకటి వెలుపలికి వచ్చి, ఎన్ని గంటలైన నన్ని మారులు గంట వాయించి, మరల లోపలికి పోవును. దానిని చూచుటకు జనులు ముందుగానే వచ్చి కనిపెట్టుకొని యుందురు. పండ్రెండు కొట్టుట కింక నెనిమిది నిమిషము లుండగా గైడు చప్పట్లు చఱచి, "బస్సు, బస్సు" అని పిల్లలను తోలుకొనిపోయెను. తరువాతి స్థలమునకు ఆలస్యమగునట! ఏడవ తరగతి బాలిక యొకతె వాకిలి దాటువఱకు వెనుకకు తిరిగి చూచుచునే నడచినది.

ఆ బాలిక తల్లి చెఱకు నఱకు కూలికి పోవునది. యాత్రకు కట్టిన సొమ్ము ఆమెకు కొన్నిదినముల కూలి. మఱునాడామె బడివద్ద నన్ను చూచి, "బిడ్డ పట్నం బోయి ఏం జూసొచ్చింది సారూ?" అని యడిగినది. ఏదో యుత్తరము చెప్పితిని. అది యుత్తరము కాదని నాకును తెలియును, ఆమెకును తెలిసియుండును. ఆ వారము పిల్లలచేత యాత్రనుగూర్చి వ్యాసము వ్రాయించితిని. అందఱును బస్సునుగూర్చి వ్రాసిరి. ఎవరెవరికి వాంతియైనది, ఎవరు కిటికీయొద్ద కూర్చుండిరి, ఉపాహారమున కేమి పెట్టిరి, ఇవి చక్కగా వర్ణింపబడినవి. గోలకొండనుగూర్చి "అక్కడ చప్పట్లు కొట్టితిమి" అను నొక్కవాక్యము మాత్రము కలదు.

తప్పు హైదరాబాదుది కాదు, ఎంపికది. ఎన్ని స్థలములు చూపుదురని యడిగితిమి గాని, ఒక్కొక్కచోట నెంతసేపు నిలుతురని యడుగలేదు. స్థలముల సంఖ్య పెరిగినకొలది సొమ్ము గిట్టుబాటైనదని తలంచుట మనకు కూరగాయల సంతలో నబ్బిన యలవాటు. సంతలో నది మంచిదే. చరిత్రగల పట్టణమును చూచుట కది పనికిరాదు.

ఈ విధమైన సామూహికయాత్రలు నేడు కేవలము వ్యాపారమైనను, పుట్టినపుడట్లుండలేదు. 1841 వ సంవత్సరము జూలై 5 వ తేదిన థామస్ కుక్ అను బాప్తిస్టు బోధకుడు ఇంగ్లండులో లీస్టరు పట్టణమునుండి లఫ్‌బరోకు రైలుబండి నేర్పాటుచేసి, మద్యపాననిషేధ సభకు ఇంచుమించు 500 మందిని తలకొక షిల్లింగు చొప్పున తీసికొనిపోయెను. పోయినది పండ్రెండుమైళ్ల దూరమే. చూచినది ఒక్కయూరే. పిమ్మట నతడును, అతని కుమారుడును ఐరోపా నగరములకును, ఈజిప్టునకును జనులను గొనిపోయి పేరుగడించిరి. రోము, ఫ్లారెన్సు మొదలగు పట్టణములలో గంటలలెక్కన చూపు యాత్రలు నేడు లెక్కకు మించియున్నవి. ఎంపికచిక్కు అక్కడివారికిని కలదు. అయిన నాదిలో నది దగ్గఱయూరికి, ఒక పనిమీద, పేదలు సయితము భరింపగల వెలతో సాగిన ప్రయాణమని మఱవరాదు.

మనకట్టి దగ్గఱయూరు కలదు. అది బీదరు.

జహీరాబాదునుండి బీదరు ఇంచుమించు ముప్పది కిలోమీటర్లు. వికారాబాదు పర్లీ రైలుమార్గము జహీరాబాదుమీదుగా బీదరునకే పోవును. ఇంతేకాదు. 1956 వఱకు మన జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిదే. ఆ సంవత్సరమున భాషలనుబట్టి రాష్ట్రములు విభజింపబడగా, బీదరు మైసూరు రాష్ట్రమునకు పోయినది. మన తాలూకా మెదకు జిల్లాలో చేరినది. 2016 లో సంగారెడ్డి జిల్లా యేర్పడినపుడు మరల మాఱితిమి. మన తాతలు కచ్చేరీ పనిమీద పోయినది బీదరునకే. ఇప్పటి పిల్లలకది పొరుగు రాష్ట్రపు ఊరు. బస్సుమీద పేరు చూచి యెఱుగుదురు. పిల్లలు మూడుభాషల సంధిలో పెరిగినవారు గనుక, అక్కడి కన్నడము, ఉర్దూ వారికి దుబాసి లేకయే తెలియును. పట్నపు గైడు వల్లించిన యాంగ్లముకంటె నది వేయిరెట్లు మేలు.

బీదరులోను ఒక్కదినమున నన్నియు చూపుదుమనువారు కలరు. కోట, మదరసా, చౌబారా, అష్టూరు గుమ్మటములు, బరీదుషాహీ సమాధులు, నానక్ ఝరా గురుద్వారము, నరసింహ ఝరణి, బిదరీ పనివారి వీధి. వీనిలో మూడింటిని మాత్రమే యెన్నుకొనవలెనని నా మతము. నేనైన మదరసాను, అష్టూరును, బిదరీ పనిని ఎన్నుకొందును. కోట యెందుకు లేదని యడుగుదురు. కోట పెద్దది, దాని కొక దినమంతయు చాలదు. రంగీన్ మహలులో నల్లరాతియందు ముత్యపుచిప్ప పొదిగిన పనిని చూడదలచినవారు ముందుగా పురావస్తుశాఖవారి యనుమతి గోరి, మఱియొక యేడు దానికొఱకే పోవుట మంచిది.

మదరసాను ముందుగా చెప్పితిని, ఏలయన నది పాఠశాల. బహమనీ మంత్రి మహమూదు గవాను దానిని 1472 లో కట్టించెను. మూడంతస్తుల మేడ, మసీదు, గ్రంథాలయము, ఉపన్యాసశాలలు, విద్యార్థుల గదులు కలది. ముందరి రెండు మీనారులలో నొకటియే మిగిలినది. పదునేడవ శతాబ్దపు తుదిలో పిడుగుపడి, లోపల దాచియుంచిన మందుగుండు ప్రేలి, కట్టడము చాలభాగము కూలిపోయినది. విద్యాలయములో మందుగుండు దాచినవారి బుద్ధినిగూర్చి పిల్లలే మాటలాడుకొందురు గాక. మీనారుమీద నీలి, పసుపు, తెలుపు రంగుల మెఱుగుపెంకులు నేటికిని అక్కడక్కడ కనబడును.

ఆ మంత్రి కథయు నక్కడనే చెప్పవలెను. ఆయన పారసీకదేశమునుండి వచ్చినవాడు. రాజ్యమును చక్కబెట్టి, పలువురి కసూయకు పాత్రుడయ్యెను. శత్రువులు ఆయన ముద్ర దాచువానికి మద్యము త్రాగించి, వట్టి కాగితముమీద ముద్ర వేయించుకొని, దానిపై నొరిస్సా రాజునకు వ్రాసినట్లు ద్రోహపుజాబును కల్పించిరని చరిత్రకారులు చెప్పుదురు. సుల్తాను మూడవ మహమ్మదుషా విచారణలేక 1481 లో ఆయనకు మరణశిక్ష విధించెను. తప్పు తెలిసికొని కుమిలి, మఱుసటి యేడే తానును మరణించెను. థామస్ కుక్ ఈ కథ నెఱిగియుండినచో తన సభలో తప్పక చెప్పియుండును.

ఈ కథనే కొందఱు గైడులు వేఱు విధముగా చెప్పగా వింటిని. ఒకడు సొరంగమును చేర్చెను. మన దేశమున సొరంగములేని కోటను నేను వినియుండలేదు. ప్రతి కోటనుండియు మఱియొక కోటకు సొరంగము కలదు, ప్రతి సొరంగమును సరిగా మూయబడియే యున్నది! బీదరులో భూగర్భమున నీరుపాఱు కాలువలు నిజముగా కలవు. వానిని కరేజులందురు. పారసీకదేశపు పద్ధతిని రాతినేలలో త్రవ్విన యీ కాలువలలో నౌబాదు కరేజు ప్రసిద్ధమైనది. నిజమైన వింత కాలిక్రిందనే యుండగా, లేని సొరంగమును చూపువానికి మనము సొమ్మేల యియ్యవలెను? ఇంతకంటె కీడైన కల్పనలును కలవు. పూర్వపు రాజుల యుద్ధములను చెప్పునపుడు, మతమునకు మతము పగయే చరిత్ర యన్నట్లు పిల్లల మనసులలో విషము పోయువారు లేకపోలేదు. అట్టివానిని మాట మధ్యలోనైన ఆపివేయుట ఉపాధ్యాయుని విధి.

గైడు నెన్నుకొనుట కొక పరీక్ష చెప్పెదను. బేరమునకు ముందు, తెలిసినంతవఱకు ఎవరును సరిగా చెప్పలేని ప్రశ్న నొకదాని నడుగుడు. "ఈ రాళ్లెత్తిన కూలివా రెందఱు?" అనవచ్చును. వెంటనే సంఖ్య చెప్పినవానిని వదలివేయుడు. "తెలియదండీ" యనువానిని పిలుచుకొనుడు. ప్రభుత్వపు అనుమతిపత్రమున్న నింకను మంచిది. ఇటలీవంటి దేశములలో పరీక్షలో గెలిచినవారికే గైడుపని చేయుట కధికారము. కాని పత్రమున్నంతమాత్రమున కంఠపాఠము మానరు. మఱియొక్క మాట. ఒక్క గైడునకు నూర్గురు పిల్లలను అప్పగించినచో ముందువరుసవారే విందురు. వెనుకవారు చరవాణిలో బొమ్మలు తీసికొనుచుందురు. ముప్పదిమందికి మించరాదు. ఉపాధ్యాయులు ముందుగా చదివికొనిపోయినచో గైడు లేకున్నను గడచును. నిజాము రాజ్యపు పురావస్తుశాఖకు అధ్యక్షులుగా నుండిన గులాం యజ్దానీగారు బీదరు కట్టడములనుగూర్చి వ్రాసిన ఆంగ్లగ్రంథము 1947 లో వెలువడినది. దానికి సాటియైనది నేను చూడలేదు.

నేనెఱిగిన యుత్తమమైన గైడు, నిజమునకు గైడేకాడు. బీదరునకు తూర్పున రెండుమూడు కిలోమీటర్లలో అష్టూరు కలదు. అక్కడ బహమనీ సుల్తానుల గుమ్మటములు వరుసగా నున్నవి. గుల్బర్గానుండి రాజధానిని బీదరునకు మార్చిన అహమ్మదుషా సమాధిలో గోడలనిండ, కప్పునిండ రంగుల చిత్రలేఖనము కలదు. కాని లోపల చీకటి. కొన్నియేండ్ల క్రిందట నే నొంటరిగా పోయినపు డొక వృద్ధుడు వాకిటిలో నిలిచి, అద్దములో నెండను పట్టి లోపలి కప్పుమీద ప్రసరింపజేసెను. బంగారు, ఇంగిలీకపు రంగులు ఒక్కసారి మేలుకొన్నవి. అతడు మాటలాడలేదు. అద్దమును మెల్లగా త్రిప్పుచు, నా చూపు చాలినదో లేదో కనిపెట్టి మఱియొక చోటికి కదలించుచుండెను. ఎంతసేపని నే నడుగలేదు, అతడును చెప్పలేదు. ఆ సుల్తానును హిందువులు అల్లమప్రభువుగా భావించి కొలుతురనియు, ఉరుసునాడొక జంగమదేవర ముందు నడచుననియు నేను వచ్చుచుండగా చెప్పెను. సొరంగమునుగూర్చి యేమియు చెప్పలేదు. ఆ వరుసలోనే పిడుగుపడి సగము కూలిన హుమాయూను గుమ్మటము కలదు. నిండుగానున్న గుమ్మటములకంటె పిల్లల కిదియే యెక్కువ నేర్పును. గోడ మందమెంత, కమాను నెట్లు త్రిప్పిరి, కోసిన పండులోవలె కనబడును.

బిదరీ పనివారి దుకాణములో మాత్రము పిల్లలను త్వరపెట్టవలదు. తుత్తునాగము ఎక్కువగాను, రాగి కొంచెముగాను కలిపి పోతపోసి, చెక్కి, వెండి తీగె పొదిగి, తుదకు బీదరుకోటలోని పాతమట్టిని నవసాగరముతో కలిపిన నీటిలో ముంచుదురు. లోహము నల్లబడును, వెండి తెల్లగానే నిలుచును. ఏ మట్టి పనికివచ్చునో పనివారు నాలుకపై వేసికొని తెలిసికొందురు. ఈ పనికి 2006 లో భౌగోళికసూచిక హక్కు లభించినది. రసాయనశాస్త్రపు పాఠ మిక్కడ చెప్పినచో నల్లబల్ల యక్కఱలేదు.

ఆక్షేపణ లుండును. బీదరులో జంతుప్రదర్శనశాల యున్నదా, జారుడు కొలను లున్నవా యని పిల్లలు మొగము చిన్నబుచ్చుకొందురు. వారి కోరిక తప్పుకాదు. వినోదమునకు వినోదముగా మఱియొకసారి పోవచ్చును గాని, చరిత్రయాత్రయని పేరుపెట్టి దానికొఱకు సొమ్ము దండరాదు. "బీదరునకు మేము మాటిమాటికి పోవుదుము, అక్కడ నేమున్నది?" అని తండ్రులందురు. పోవుట నిజమే, ఆస్పత్రికి, బట్టలకొట్టునకు, పెండ్లికి. మదరసా లోపల కాలుపెట్టినవా రెందఱో చేతులెత్తించి చూడుడు. బాలికలకు మఱుగుదొడ్డి, త్రాగునీరు ఎక్కడ దొరకునని తల్లులడుగుదురు. ఈ ప్రశ్నయే యన్నిటికంటె ముఖ్యము; ఉపాధ్యాయుడొకడు వారము ముందుగా పోయి, తన కంటితో చూచి రావలెను.

ఖర్చువిషయము కడపట చెప్పుచున్నాను గాని నా మనసులో నదియే మొదటిది. పట్నపు యాత్రకు క్రిందటిసారి మా తరగతిలో పదునొకండుమంది రాలేదు. జ్వరమని, ఊరికి పోవలెనని చెప్పిరి. నిజమైన కారణము వారి చొక్కాలను చూచినవారికి తెలియును. బీదరునకు బస్సు బాడుగ తక్కువ, దినముగూడ చిన్నది. రొట్టె, పచ్చడి యింటినుండియే కట్టుకొనిపోవచ్చును. మిగిలిన సొమ్ములో నా పదునొకండుగురును వత్తురు. మిషనువారు స్థాపించిన పాఠశాలలో కొందఱు బస్సెక్కి కొందఱు గేటువద్ద నిలుచుట నాకు సహింపరానిదిగా నున్నది.

పిల్లల చేతికొక నోటుపుస్తక మిచ్చిన చాలును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱి, దారిలో చూచినదెల్ల మిత్రునకు జాబులుగా వ్రాసిపంపిరి. అవియే 1838 లో కాశీయాత్రచరిత్రగా నచ్చయినవి. మనవారు తల్లికొక జాబు వ్రాసిన చాలును.

యాత్రాసంఘము వచ్చే నెలలో సమావేశమగునని వినుచున్నాను. తలిదండ్రులు తమ యభిప్రాయములను అంతకుముందే ప్రధానోపాధ్యాయులవారికి తెలుపవలెను. బీదరునకే నిశ్చయమైనచో, ఆ వృద్ధుడు నేటికి నున్నాడో లేడో గనుక, గోడకు తగిలించు మా యింటి యద్దమును నేను తెచ్చెదను.