అమ్మమ్మ పేరేంటి?

2015 గోదావరి పుష్కరాలకి నర్సీపట్నం నుంచి మేం ఆరుగురం బయల్దేరాం. అమ్మ, తమ్ముడు, మరదలు, మావారు, నేను, మా అమ్మాయి. తుని వెళ్ళి రైలెక్కి రాజమండ్రిలో దిగాం. స్నానాలయ్యాక తమ్ముడు పిండప్రదానానికి కూర్చున్నాడు.

పంతులుగారు గోత్రం అడిగారు. నాన్న పేరు, తాతయ్య పేరు, ముత్తాత పేరు అడిగారు. వాడు టకటకా చెప్పేశాడు. అమ్మ వైపు వాళ్ళ వంతు వచ్చింది. "మాతామహి పేరు చెప్పండి బాబూ" అన్నారాయన. వాడు తెల్లమొహం వేశాడు. "అదేనండీ, మీ అమ్మమ్మగారు."

"అమ్మమ్మ అంటే... అమ్మమ్మే" అని వెనక్కి తిరిగి మా వంక చూశాడు.

వాడి చిన్నప్పుడు అమ్మకి ఒంట్లో బాగోకపోతే రెండేళ్ళు సాకిన మనిషి ఆవిడ. ఆవిడ పోయిన రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది వాడే. వాడినేమీ అనక్కర్లేదు, నాకూ ఆ క్షణంలో పేరు తట్టలేదు. నేను బి.ఏ. తెలుగు చదివాను. వరూధిని, గిరిక, ప్రభావతి అని ప్రబంధ నాయికల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా అమ్మమ్మ పేరు చెప్పలేకపోయాను.

అమ్మే పేరు అందించింది. "ఆవిడ అత్తగారి పేరు?" అన్నారు పంతులుగారు. ఈసారి అమ్మ తెల్లబోయింది. "మామ్మ అనేవాళ్ళం బాబూ. పేరంటే మరి..." వెనక జనం కాచుకుని ఉన్నారు. "తెలీకపోతే పర్లేదమ్మా, కానిద్దాం" అని ఆయన ముందుకెళ్ళిపోయారు.

ఇంకొకటి గమనించారా? ఆ వరసలో అడిగేది అత్తగార్ల పేర్లే. అమ్మమ్మని కన్నతల్లికి అందులో చోటే లేదు. ఆవిడ పేరు మమ్మల్ని ఎవరూ అడగలేదు, మాకూ తెలీదు.

తిరుగు ప్రయాణంలో రైల్లో అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. అన్నవరం దాటాక, "రేపు నా పేరూ ఇంతేనేమో" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

అమ్మ పోయి ఈ కార్తీకానికి రెండేళ్ళు. ఆ రైల్లో అన్న మాట వల్లే, తర్వాతి ఏళ్ళలో నేను అమ్మని అడగడం మొదలుపెట్టాను. అందుకే ఇవాళ ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను.

మనం తల్లుల్ని ఎలా తలుచుకుంటామో చూడండి. మా ఊళ్ళో అబీద్ సెంటర్ వైపు వెళితే పెద్దకర్మల ఫ్లెక్సీలు కనిపిస్తుంటాయి. "ఫలానావారి ధర్మపత్ని" అని ముందు భర్త పేరు, కింద కొడుకులు, కోడళ్ళు, అల్లుళ్ళ పేర్లు. మధ్యలో ఆవిడ ఫొటో. త్యాగమూర్తి, అన్నపూర్ణ, మమతల తల్లి. ఒక ఫ్లెక్సీలో ఫొటో తీసి ఇంకొకరి ఫొటో పెట్టినా ఆ మాటలు సరిపోతాయి. అందరు తల్లులకీ సరిపోయే మాటలు మన తల్లి గురించి ఏం చెప్పినట్టు? మనకేం చేసిందో చెబుతాం, మనం పుట్టకముందు ఆవిడ ఎవరో చెప్పం. మనకి తెలిస్తేగా!

అమ్మ చెబితే తెలిసింది నాకు, అమ్మమ్మ పాల వ్యాపారం చేసిందని. నాతవరం దగ్గర పల్లెలో రెండు గేదెలు. అక్షరం రాదు. వంటింటి గోడ మీద ఇంటికో వరస, సోలకో బొగ్గుగీత. నెలాఖరుకి డబ్బులిచ్చిన వాళ్ళ గీతలు తుడిచేసేది. సంక్రాంతికి ఇల్లంతా సున్నం వేసినా, బాకీలున్న ఆ మూల మాత్రం వేయనిచ్చేది కాదట. "ఒలమ్మా, గోడ తెల్లగైతే నా డబ్బులు ఎవులిస్తారు?" అనేదట. ఆ పాల డబ్బులతోనే అమ్మని ఏడో తరగతి దాకా చదివించింది. మావయ్య స్లాబు ఇల్లు కట్టినప్పుడు ఆ గోడ పడగొట్టారు. మేం ఆవిడని సెలవుల్లో చోడంబలి పోసి, తేగలు కాల్చిపెట్టే అమ్మమ్మగానే తలుచుకుంటూ వచ్చాం. ఆవిడ లెక్కలు తెలిసిన మనిషని నాకు నలభై ఏళ్ళకి తెలిసింది.

అమ్మ సంగతి ఇంకా చిత్రం. ప్రతి శుక్రవారం సాయంత్రం చెరువు గట్టు మీదుగా నడిచి గుడికెళ్ళేది. వానైనా మానేది కాదు. మా అమ్మకి భక్తి ఎక్కువని మేమంతా గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఓసారి చింతపండు పిక్కలు తీస్తూ అడిగాను, అంత నియమం ఎలా పట్టావమ్మా అని. "భక్తేం కాదే. ఆ అరగంట నన్నెవరూ పిలవరు" అంది.

నా చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను. రోజుకి వందసార్లు అమ్మా అని పిలిచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కొండపల్లి కోటేశ్వరమ్మగారి 'నిర్జన వారధి' మీలో చాలామంది చదివే ఉంటారు. 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. చిన్నతనంలోనే పెళ్ళి, చిన్నతనంలోనే వైధవ్యం. తర్వాత కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చి కొండపల్లి సీతారామయ్యగారిని పెళ్ళాడారు. పాటలు పాడారు, నాటకాల్లో వేశారు, అజ్ఞాతంలో తిరిగారు. భర్త విడిచి వెళ్ళాక, ముప్పై దాటిన వయసులో హైదరాబాద్ ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు. కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసి తన బతుకు తను బతికారు. కొడుకు, కూతురు ఇద్దరూ కళ్ళముందే దూరమైతే, మనవరాళ్ళకి అండగా నిలబడ్డారు. తొంభై దాటాక రాసుకున్న ఈ ఆత్మకథ 2012లో వచ్చింది. 2018 సెప్టెంబరులో, నూరేళ్ళు నిండాక, విశాఖపట్నంలో కన్నుమూశారు.

ఆవిడ రాయకపోతే? చరిత్రలో ఫలానా నాయకుడి భార్యగా ఒక ముక్క మిగిలేదేమో. ఆ పుస్తకంలో నన్ను పట్టుకున్న ఇంకో మనిషి ఆవిడ తల్లి అంజమ్మగారు. విధవరాలైన కూతురి మళ్ళీ పెళ్ళికీ, ఉద్యమానికీ, చదువుకీ వెనక నిలబడ్డ తల్లి. మనవల్ని చూసుకున్న అమ్మమ్మ. అంజమ్మగారు ఏ పుస్తకమూ రాయలేదు. కూతురు రాసింది కాబట్టే మనకి తెలిసింది. ఒక మనిషి నోరు విప్పితే రెండు తరాల ఆడవాళ్ళు నిలిచారు.

అంత పెద్ద జీవితాలు మన ఇళ్ళల్లో ఎక్కడివి అంటారేమో. నా ఉద్దేశంలో ప్రతి ఇంట్లోనూ ఒక గోడ ఉంది, దాని మీద గీతలున్నాయి. అడిగేవాళ్ళే లేరు. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ దగ్గరికెళ్ళి, వాళ్ళు చెప్పింది విని పుస్తకం వేశారు. పేరు 'మనకు తెలియని మన చరిత్ర'. ఆ పేరు మన వంటిళ్ళకీ సరిపోతుంది.

ఇలా అడుగుతుంటే మా పిన్ని కోప్పడింది. "పాత సంగతులు తవ్వి ముసలి ప్రాణాన్ని ఎందుకు ఏడిపిస్తావు?" అని. నిజమే, అమ్మ ఒకటి రెండుసార్లు ఏడ్చింది. కొన్ని ప్రశ్నలకి "అది వద్దులే" అంది. అక్కడితో ఆపేశాను. చెప్పకుండా దాచుకునే హక్కు కూడా ఆవిడదే. కానీ ఎక్కువసార్లు నవ్వింది. స్కూల్లో పక్కన కూర్చున్న స్నేహితురాలి పేరు యాభై ఏళ్ళ తర్వాత నోటికొచ్చినప్పుడు అమ్మ మొహం చూడాల్సింది.

"నీ జీవితం గురించి చెప్పమ్మా" అంటే ఎవరూ చెప్పరు, "ఏముంది చెప్పడానికి" అంటారు. చేతిలో పని ఉన్నప్పుడు అడగండి. చింతపండు వలుస్తున్నప్పుడు, వత్తులు చేస్తున్నప్పుడు. చిన్నవే అడగండి. నీ చేతికి మొదట డబ్బు ఎప్పుడొచ్చింది? పెళ్ళికి ముందు ఏమవ్వాలనుకున్నావు? నిన్ను ముద్దుగా ఏమని పిలిచేవారు? ఫోన్ పక్కన పెట్టి, చెప్పే రికార్డింగ్ నొక్కండి. నేను మూడుసార్లే చేశాను, అదీ చివరి ఏడాది. ఇంకా ముందే చేయాల్సింది అని రోజూ అనుకుంటాను. ఏమవ్వాలనుకున్నావు అని మా అమ్మని నేను అడగనే లేదు.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. ఈసారి తమ్ముడు అమ్మ పేరు కూడా చెప్పాలి. ఒక నోటుపుస్తకంలో మొదటి పేజీలో అమ్మ పేరు, కింద అమ్మమ్మ పేరు రాసి, వాళ్ళ సంగతులు తెలిసినంతా రాసిపెట్టాను. అమ్మమ్మ పేరు కింద ఒక గీత ఖాళీగా ఉంది. అది ఆవిడని కన్న తల్లిది. నాతవరం వైపు ఇద్దరు ముసలివాళ్ళని అడిగాను, దొరకలేదు. ఇంకొకావిడ ఉన్నారట, వచ్చే వారం వెళతాను.

మీ అమ్మమ్మ పేరు మీకు తెలుసు కదూ? మరి వాళ్ళమ్మ పేరు? తెలీకపోతే, చెప్పగల మనిషి ఇంట్లో ఉంటే, ఈ సాయంత్రమే పక్కన కూర్చోండి.