ముద్ర కాదు, పరీక్ష కావాలి

నగరాల చెత్తతో తయారయ్యే కంపోస్టుకు ఎకోమార్క్ ప్రమాణం ఉంటుందనీ, అందువల్ల పర్యావరణానికి హాని చేయని నాణ్యమైన ఎరువే రైతుకు చేరుతుందనీ 2016 జనవరి 20న కేంద్ర మంత్రివర్గం హామీ ఇచ్చింది. ఆ కంపోస్టు అమ్మకానికి టన్నుకు రూ.1,500 చొప్పున మార్కెట్ అభివృద్ధి సాయాన్ని ఆమోదించినదీ ఆ రోజే. 2023 జూన్ 28న బయోగ్యాస్ ప్లాంట్ల నుంచి వచ్చే సేంద్రియ ఎరువులకు రూ.1,451 కోట్లు ప్రకటించినప్పుడు, వాటిని ‘భారత్’ బ్రాండు పేరిట అమ్మించాలని నిర్ణయించి, పేరుతో నమ్మకం కలిగించే ఆ దారినే కేంద్రం మరింత వెడల్పు చేసింది. ఉంగుటూరు మొదలుకొని నూజివీడు, ఆగిరిపల్లి దాకా తొలకరిలో మామిడి పాదులు తవ్వి ఎరువు వేసే రైతుకు కావలసింది బస్తా మీది పేరు కాదు, బస్తాలో ఏముందన్న నిజం. ముద్ర ఉంటే నాణ్యత ఉన్నట్టేనన్న వాదన ఆ నిజాన్ని కప్పిపుచ్చుతోంది గనుక దాన్ని సూటిగా ఖండించవలసి ఉంది.

ఎకోమార్క్ 1991లో కేంద్రం ప్రవేశపెట్టిన స్వచ్ఛంద పథకం. అంటే ఇష్టమున్న తయారీదారు దరఖాస్తు చేసుకొని పొందే గుర్తే తప్ప, అది లేనిదే సరుకు అమ్మరాదన్న నిర్బంధం కాదు. 2024లో నియమాలను కొత్తగా రాసినప్పుడు కూడా ఈ స్వభావం మారలేదు. ఇష్టం లేనివారు దూరంగా ఉండిపోగల ఏర్పాటు, చేరినవారి సరుకు గురించి ఏమైనా చెప్పగలదేమో గానీ, మార్కెట్లోని సరుకంతటికీ పూచీ పడజాలదు. ప్రమాణం కాగితం మీద ఉండటం వేరు, అమ్మకానికి వచ్చిన ఎరువు ఆ ప్రమాణానికి తూగుతుందని ప్రయోజనాపేక్ష లేని మూడో వ్యక్తి పరీక్షించి చెప్పడం వేరు. మొదటిదాన్ని చూపించి రెండోది కూడా జరిగిపోయిందని రైతును నమ్మించడాన్ని మోసమనే అనాలి.

చట్టబద్ధమైన ప్రమాణం అసలే లేదని కాదు. నిత్యావసర సరుకుల చట్టం కింద 1985లో వెలువడిన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు తర్వాతి కాలంలో సేంద్రియ ఎరువులకూ హద్దులు గీసింది. సిటీ కంపోస్టులో సేంద్రియ కర్బనం 12 శాతానికి తగ్గరాదు. కిలోలో సీసం 100 మిల్లీగ్రాములకూ, కాడ్మియం 5 మిల్లీగ్రాములకూ, పాదరసం 0.15 మిల్లీగ్రాములకూ మించరాదు. కర్బన-నత్రజని నిష్పత్తి 20 లోపు ఉండాలి. ఈ నిష్పత్తి ఎక్కువగా ఉందంటే ఎరువు సరిగా చివకలేదని అర్థం. అలాంటిది పాదులో పడితే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టిలోంచే లాక్కుంటాయి గనుక, చెట్టుకు బలమిస్తుందనుకున్న ఎరువే కొంతకాలం చెట్టు ఆహారానికి పోటీగా నిలుస్తుంది. అయితే ప్లాస్టిక్ ముక్కలూ గాజు పెంకులూ ఎంత ఉన్నాయో, కలుపు గింజలు చచ్చాయో లేదో, అందులో విత్తనం వేస్తే మొలక నిలుస్తుందో లేదో ఆ పట్టిక అడగదు. బస్తా విప్పగానే కొన్ని, పాదులో వేశాక కొన్ని రైతు కంటికి కనిపించే లోపాలనే ప్రమాణం చూడకపోవడం సమర్థించరాని విషయం.

అంతకన్నా పెద్ద లోపం పరీక్ష జరిగే తీరులో ఉంది. యూరియా వంటి రసాయన ఎరువు ఒకే సూత్రంతో తయారవుతుంది గనుక బస్తాకూ బస్తాకూ తేడా ఉండదు. కంపోస్టు అలా కాదు. వచ్చిన చెత్త ఏమిటి, కుప్పను ఎన్నిసార్లు తిరగేశారు, లోపలి వేడి 55 డిగ్రీల సెల్సియస్‌కు చేరి రోగక్రిములు చచ్చేంతవరకు నిలిచిందా అన్నదాన్ని బట్టి ప్రతి రాశి నాణ్యతా మారుతుంది. కాబట్టి ఒక నమూనాకు ఇచ్చిన పత్రం ఆ ఒక్క రాశికే చెల్లుతుంది. రోజువారీ నాణ్యతను చూసుకునేది తయారీదారు సొంత ప్రయోగశాల. తనిఖీ అధికారి దుకాణంలో నమూనా తీస్తే, నివేదిక వచ్చేసరికి వారాలు గడిచి ఆ సరుకు పాదుల్లో కలిసిపోయి ఉంటుంది. ప్రభుత్వ సాయమైతే అమ్మిన టన్నులను బట్టే లెక్క తేలింది. హద్దులో బొటాబొటిగా ఇమిడిన ఎరువుకూ, శ్రద్ధగా తయారైన మేలైన ఎరువుకూ దక్కింది అదే రూ.1,500. నాణ్యతకు విలువ కట్టని చేతులే నాణ్యతకు హామీ ఇస్తున్నాయి.

దీని మూల్యం తోట చెల్లిస్తుంది. కాపుకొచ్చిన మామిడి చెట్టుకు ఏటా 50 కిలోల చివికిన ఎరువు వేస్తే, ఎకరాకు 40 చెట్లున్న తోటలో అది 2 టన్నులవుతుంది. సీసం చట్టం అనుమతించిన హద్దులోనే ఉన్నా ఏడాదికి 200 గ్రాములు ఆ ఎకరంలో చేరవచ్చు. హద్దు దాటితే ఎంతన్నది ఎవరికీ తెలియదు. సీసం వంటి భారలోహాలు ఎరువులా కుళ్లవు, దశాబ్దాలు నిలిచే చెట్టు కింద ఏటేటా పేరుకుంటాయి. వేరుచేయని చెత్తతో చేసిన కంపోస్టులో భారలోహాలు ఎక్కువగా, తడిచెత్తను మొదటే వేరుచేసి చేసినదాంట్లో తక్కువగా ఉన్నాయని భోపాల్‌లోని భారత మృత్తికా విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 2010లోనే ప్రచురించారు. తెలిసిన ప్రమాదాన్ని ముద్ర వెనక దాచడం క్షమించరానిది.

స్వతంత్ర పరీక్ష అసాధ్యమైన పని కాదు. జర్మనీలో 1989లో ఏర్పడిన కంపోస్టు నాణ్యతా సంఘం స్వతంత్ర పరీక్షలు చేయిస్తోంది. బ్రిటన్‌లో 2002లో వచ్చిన పాస్ 100 ప్రమాణం ప్లాస్టిక్, రాళ్లు, కలుపు గింజలను కొలిపించడమే కాక, టమాటా మొక్కలను పెంచి చూసే పరీక్షనూ విధించింది.

పల్లెల్లోని ‘చెత్త నుంచి సంపద’ కేంద్రాలు, చిన్న ఉత్పత్తిదారులు పరీక్షల ఖర్చు మోయలేరన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆ ఖర్చును రైతు నేల మీద వేయడం మాత్రం న్యాయం కాదు.

కనుక స్వచ్ఛంద ముద్రల స్థానంలో నిర్బంధ ధ్రువీకరణ రావాలి. ప్రతి రాశినీ తయారీదారుతో సంబంధం లేని ప్రయోగశాల పరీక్షించాలి; రాశి సంఖ్య, తయారీ తేదీ, ముడి చెత్త ఎక్కడిది, పరీక్షలో తేలిన అంకెలు ఏమిటి అన్నవి బస్తా మీద తెలుగులో అచ్చు కావాలి; ప్రభుత్వ సాయం టన్నులకు కాక ఆ అంకెలకు ముడిపడాలి. నియోజకవర్గాల్లోని వ్యవసాయ పరీక్షా ప్రయోగశాలలకు తగిన పరికరాలిచ్చి, పంచాయతీల కంపోస్టును ఉచితంగా పరీక్షించే బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవాలి. అంతవరకూ నాణ్యమైన ఎరువే రైతుకు చేరుతోందని చెప్పే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.